‘రన్’ను స్పానిష్‌లో చెప్పాలంటే: తెలుగు మీదుగా వెళ్లే పద్ధతి

శ్రీకాకుళంలో సాయంత్రాలు నా దగ్గర స్పానిష్ నేర్చుకునేవారిలో కొందరు ఓడల్లో ఉద్యోగాలకు వెళ్లబోయే కుర్రవాళ్లు, కొందరు ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీలకు పని చేసేవారు. మొదటి నెల తిరిగేలోగా అందరూ ఒకే ప్రశ్న వేస్తారు: “మాస్టారూ, రన్ అనే మాటను స్పానిష్‌లో ఏమంటారు?” నేను తిరిగి అడుగుతాను: “ఏ రన్?”

ఫోనులో వెతికితే ‘కొర్రేర్’ అని వస్తుంది. తప్పు కాదు. కానీ రోజూ మనం వినే రన్‌లలో కాళ్లతో పరుగెత్తేవి ఎన్ని? ఇంజిను, బస్సు, దుకాణం, కారే ముక్కు, దిగే చీర రంగు, ఎన్నికల అభ్యర్థి, అయిపోయిన గ్యాసు, వీటన్నిటికీ ఇంగ్లీషువాడు ఆ మూడక్షరాలతోనే సరిపెడతాడు. స్పానిష్‌వాడికి ఒక్కోదానికి ఒక్కో క్రియ కావాలి. తెలుగువాడికీ అంతే. మన పని తేలికయ్యేది ఇక్కడే.

ఈ సంగతి నేను నవ్వులపాలై నేర్చుకున్నాను. ఓడ ఇంజిను గదిలో పని చేసే రోజుల్లో పెరూలోని ఒక రేవులో తనిఖీకి వచ్చినాయనకు పంపు నడుస్తోందని చెప్పబోయి “ల బోంబ కోర్రె” అన్నాను. స్పానిష్‌లో పంపునూ బాంబునూ ‘బోంబ’ అనే అంటారు. ఇంజిను గదిలో కాబట్టి పంపు గురించేనని ఆయనకు అర్థమైంది. అయినా ఆయన చెవిన పడింది మాత్రం “బాంబు పరుగెడుతోంది” అని. రెండు చేతులూ ఊపుతూ గుమ్మం వైపు పరుగెత్తినట్టు నటించి, ఆ తర్వాత నింపాదిగా సంతకం పెట్టాడు. నేను అనవలసింది “ల బోంబ ఫున్సియోన”. పంపు పని చేస్తోంది.

1. ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

ఒక పాత డైరీ చాలు. పేజీని నిలువునా మూడు భాగాలు చేయండి: ఇంగ్లీషు వాక్యం, తెలుగు వాక్యం, స్పానిష్ వాక్యం. మాటలు రాయవద్దు, వాక్యాలే రాయండి. విడి మాటకు అర్థం రాసుకున్న పేజీ నెల తర్వాత ఎందుకూ పనికిరాదు.

స్పానిష్ భాష మంచిచెడ్డలు చూసే రియల్ అకదేమియ ఎస్పఞోల సంస్థ తన నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది. అర్థాలు కూడా స్పానిష్‌లోనే ఉంటాయి కాబట్టి మొదట్లో బెదురుగా ఉంటుంది. దాని అవసరం చివరి మెట్టులోనే వస్తుంది.

ఇంకొకటి ముందే తేల్చుకోండి: మీకు కావలసింది స్పెయిన్ స్పానిషా, లాటిన్ అమెరికా స్పానిషా? చాలా మాటలు రెండు చోట్లా చెల్లుతాయి. చెల్లని చోట కింద చెబుతాను.

2. ఇక్కడ రాసిన మాటలు ఎలా చదవాలి

- దీర్ఘం ఉన్న చోట ఒత్తి పలకండి. స్పానిష్‌లో మనలాగా హ్రస్వదీర్ఘాల తేడా లేదు. ఒత్తు ఎక్కడ పడుతుందో చూపడానికే దీర్ఘం వాడాను.
- త, ద అంటే మన త, ద లే. ఇంగ్లీషు అలవాటుతో ట, డ పలకవద్దు. ఈ విషయంలో ఇంగ్లీషు బాగా వచ్చినవారికే ఎక్కువ కష్టం.
- ర్ర అని రాసిన చోట నాలుక అదరాలి.
- హ అని రాసిన అక్షరం మన హ కన్నా గరుకు, గొంతులోంచి రావాలి.
- య అని రాసిన కొన్ని మాటలు అర్జెంటీనాలో ష లాగా వినిపిస్తాయి. కంగారుపడకండి.
- ఞ అంటే నిజంగా ఞ నే. బడిలో దిద్ది మరిచిపోయిన ఈ అక్షరానికి ఇన్నాళ్లకు పని పడింది.

3. మొదటి మెట్టు: వాక్యాన్ని తెలుగులో అనుకోండి

ఇంగ్లీషు వాక్యం కనబడగానే స్పానిష్ వైపు పోకండి. ఆ మాటే ఇంట్లో అమ్మతో చెప్పాలంటే ఎలా అంటారో అలా అనుకోండి. పుస్తకాల తెలుగు వద్దు. ‘నాసికా స్రావం’ అనుకుంటే దారి తప్పినట్టే. ‘ముక్కు కారుతోంది’ అనుకోవాలి.

అలా అనుకున్నప్పుడు కొన్నిసార్లు అసలు క్రియే మాయమవుతుంది. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలసకు అరగంటకొక బస్సు నడుస్తుందని ఇంగ్లీషులో చెప్పాలంటే రన్ కావాలి. మనం “అరగంటకొక బస్సు ఉంది” అంటాం. స్పానిష్‌వారూ అంతే: “ఆయ్ ఉన్ అవుతొబూస్ కాద మేదియ ఓర”. ‘ఆయ్’ అంటే ‘ఉంది’. పరుగూ లేదు, నడకా లేదు.

4. రెండో మెట్టు: ఆ పని చేసేది ఏమిటో చూడండి

తెలుగు క్రియ దొరికాక కర్తను చూడండి. ప్రాణమున్నదా, యంత్రమా, ద్రవమా, సంస్థా? స్పానిష్ క్రియను తేల్చేది చాలావరకు ఇదే.

*కాళ్లున్నవి.* కొర్రేర్‌కు అసలైన చోటు ఇదే. పోలీసు ఉద్యోగానికి తయారవుతూ తెల్లవారుజామున మైదానంలో 1600 మీటర్లు పరుగెత్తే కుర్రవాడు “కోర్రొ మిల్ సెయ్‌సియేంతొస్ మేత్రొస్” అనవచ్చు. ‘పారిపోవడం’ మాత్రం వేరు, దానికి ‘ఎస్కపార్సె’ కావాలి. కట్టు తెంచుకుని పోయిన ఆవుకు “సె ఎస్కపో ల బాక” అంటారు. పరుగెత్తిన ఆవు వేరు, పారిపోయిన ఆవు వేరు. తెలుగులో ఆ రెంటినీ ఎవరూ కలిపేయరు కదా, స్పానిష్‌లోనూ కలపకండి.

*యంత్రాలు.* పని చేయడం అంటే ‘ఫున్సియొనార్’. మిక్సీ, మోటారు, ఫోను అన్నిటికీ ఇదే. “ఎల్ మొతోర్ నో ఫున్సియోన” అంటే మోటారు పని చేయడం లేదు, అంటే పాడైంది. ఆ క్షణాన తిరుగుతోందా, ఆగి ఉందా అనేది మరో సంగతి. తిరుగుతూ ఉంటే “ఎస్తా ఎన్ మార్చ” అంటారు. ఇంజిను గదిలో ఈ తేడా ప్రాణం మీదకు వస్తుంది. బాగున్న యంత్రం ఆగి ఉండవచ్చు, తిరుగుతున్న యంత్రంలోనూ లోపం ఉండవచ్చు. కంప్యూటర్లో ప్రోగ్రామ్‌ను రన్ చేయడానికి ‘ఎహెకుతార్’.

*బస్సులు, రైళ్లు.* ఫలానా రోజుల్లో నడుస్తుంది, నడవదు అని చెప్పేటప్పుడు ‘సిర్కులార్’. ఆలస్యంగా నడుస్తున్న రైలుకు “ఎల్ త్రేన్ బియేనె కొన్ ర్రెత్రాసొ”, అంటే ఆలస్యంతో వస్తోంది. రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడు మాట్లాడే తీరు అది.

*నీళ్లు, నదులు.* నాగావళి శ్రీకాకుళం ఊరి మధ్యలోంచి పారుతుంది: “ఎల్ నాగావళి పాస పొర్ ల సియుదాద్”. ఇక్కడ ‘పసార్’ అంటే మీదుగా పోవడం. నీళ్ల విషయంలో కొర్రేర్ కూడా చెల్లుతుంది. కారే ముక్కుకూ, బొట్టుబొట్టుగా కారే కుళాయికీ ‘గొతెయార్’. కుళాయి కట్టకుండా వదిలేస్తే మాత్రం అది కారడం కాదు: “దెహారొన్ ఎల్ గ్రీఫొ అబియేర్తొ”, కుళాయి తెరిచి వదిలేశారు. కుళాయిని స్పెయిన్‌లో ‘గ్రీఫొ’ అంటారు, లాటిన్ అమెరికాలో చాలా చోట్ల ‘యాబె’ అంటారు.

*రంగులు.* చీరను మొదటిసారి బకెట్లో ముంచగానే నీళ్లు ఎర్రబడితే “రంగు దిగుతోంది” అంటాం. “ఏస్త తేల దెస్తీఞె”, ఈ గుడ్డ రంగు వదులుతోంది. క్రియ ‘దెస్తెఞీర్’. వాడుకలో మధ్య ‘తె’ కాస్తా ‘తీ’ అవుతుంది. పొందూరు వెళ్లి విదేశీయులకు బట్టలు చూపించే పని మీకు ఎప్పుడైనా పడితే ఈ వాక్యం ముందే కంఠస్థం చేసి పెట్టుకోండి. వాళ్లు అడిగే రెండో ప్రశ్న ఇదే. మొదటిది ధర.

*సంస్థలు, పదవులు.* దుకాణం నడపడం ‘యెబార్’. “మి తీఒ యేబ ఊన తియేంద”, మా మామయ్య దుకాణం నడుపుతున్నాడు. ‘తీఒ’ అంటే బాబాయి కూడా, పెదనాన్న కూడా. మన చుట్టరికాల లెక్క వాళ్లకు అక్కర్లేదు. ఎన్నికల్లో నిలబడడం స్పెయిన్‌లో ‘ప్రెసెంతార్సె’, లాటిన్ అమెరికాలో ఎక్కువగా ‘పొస్తులార్సె’. అమెరికాలోని స్పానిష్‌వారిలో కొందరు ఇంగ్లీషు ప్రభావంతో దీనికీ కొర్రేర్ వాడతారు. మీరు వాడకండి.

5. మూడో మెట్టు: ‘నాకు’ ఉందేమో చూడండి

ఈ మెట్టును ఏ ఇంగ్లీషు పుస్తకమూ మనకు చెప్పదు. అందుకే నేను దీని మీద ఎక్కువసేపు ఉంటాను.

ముక్కు కారుతోందని ఇంగ్లీషువాడు చెప్పేటప్పుడు ‘నా ముక్కు’ అంటాడు. మనం “నాకు ముక్కు కారుతోంది” అంటాం. స్పానిష్‌లో “మె గొతేఅ ల నరీస్”. ‘మె’ అంటే నాకు. మాటకు మాట మన వాక్యమే. నచ్చడం కూడా ఇంతే: “మె గూస్త”, నాకు నచ్చింది. ఇంగ్లీషు మీదుగా వచ్చినవారు ఈ వాక్యాలు తలకిందులుగా ఉన్నాయని వాపోతారు. మనకు అవి తిన్నగానే ఉన్నాయి.

వస్తువు అయిపోవడంలోనూ ఇదే తీరు. “సె మె అకబో ఎల్ అర్రోస్”, నాకు బియ్యం అయిపోయాయి. తప్పు నాది కాదు, బియ్యం వాటంతట అవే అయిపోయాయన్న ధ్వని రెండు భాషల్లోనూ ఉంది. అదే “అకబే ఎల్ అర్రోస్” అంటే “నేనే బియ్యం అవగొట్టాను” అవుతుంది. పొరుగింటికి అప్పు అడగడానికి వెళ్లినప్పుడు ఈ రెంటికీ తేడా ఉంటుంది. ‘కెదార్సె సిన్’ అని ఇంకో దారి ఉంది: “నొస్ కెదామొస్ సిన్ గాస్”, గ్యాసు లేకుండా మిగిలిపోయాం.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది, దాదాపు అందరూ పడతారు. మనకు బియ్యం, నీళ్లు, పాలు బహువచనాలు. వాళ్లకు ఏకవచనాలు. “నీళ్లు అయిపోయాయి” అని మనసులో అనుకుని క్రియను కూడా బహువచనంలో పెట్టేస్తారు. “సె అకబో ఎల్ ఆగువ” అని ఏకవచనంలోనే ఉంచండి.

ఇంకో మినహాయింపు. నాకు జ్వరం, నాకు ఆకలి లాంటివి స్పానిష్‌లో ‘కలిగి ఉన్నాను’ అన్నట్టు మారతాయి: “తేంగొ ఫియేబ్రె”, “తేంగొ ఆంబ్రె”. వీటిలో ‘మె’ రాదు. ఎందుకని అడగకండి, రాసుకోండి.

6. నాలుగో మెట్టు: తోకలున్న రన్‌లు

రన్ పక్కన చిన్న మాట చేరితే (రన్ ఇంటు, రన్ ఓవర్ లాగా) అర్థం మారిపోతుంది. ఆ తోకను విడిగా అనువదించకండి. మొత్తాన్ని ఒకే మాటగా చూసి తెలుగు క్రియ వెతకండి.

- ఎదురుపడడం: విజయనగరంలో సిరిమాను చూడటానికి వెళ్తే జనంలో మాస్టారు ఎదురుపడ్డారు అనుకోండి. “మె ఎన్‌కొంత్రే కొన్ మి మయేస్త్రొ”.
- గుద్దడం: “లొ అత్రొపెయో ఊన మోతొ”, అతన్ని బైకు గుద్దింది.
- బయటి పనులు చక్కబెట్టుకు రావడం: లాటిన్ అమెరికాలో ‘అసేర్ మందాదొస్’, స్పెయిన్‌లో ‘అసేర్ ర్రెకాదొస్’.
- పోనుపోను, చివరికి (ఇన్ ద లాంగ్ రన్): ‘అ ల లార్గ’.
- వంశంలోనే ఉండడం: “లొ యేబ ఎన్ ల సాంగ్రె”. రక్తంలోనే ఉంది అని మనమూ అంటాం.

క్రికెట్ రనౌట్‌ను మాత్రం ఈ జాబితాలోకి తేకండి. తేవాలని ఒక విద్యార్థి పట్టుబట్టాడు. ఒక గంట పోయింది.

7. తెలుగు కూడా తప్పుదారి పట్టించే చోట్లు

మన భాష అన్నిచోట్లా కాపాడుతుందనుకుంటే పొరపాటు. మూడు క్రియల దగ్గర జాగ్రత్త.

‘నడుపు’: మనం కారునూ నడుపుతాం, హోటలునూ నడుపుతాం. స్పెయిన్‌లో కారుకు ‘కొందుసీర్’, హోటలుకు ‘యెబార్’ లేదా ‘దిరిహీర్’. తారుమారైతే మామయ్య దుకాణానికి స్టీరింగు పెట్టినట్టే. లాటిన్ అమెరికాకు వెళ్లేవారికి మాత్రం సుఖం. అక్కడ ‘మనెహార్’ రెంటికీ పనికొస్తుంది, అచ్చంగా మన ‘నడుపు’ లాగా.

‘నడుచు’: బస్సు నడుస్తోంది కదా అని ‘కమినార్’ వాడకండి, అది కాళ్లతో నడవడం. అయితే ‘అందార్’ అనే ఇంకో నడక ఉంది. గడియారం నడవకపోతే “ఎల్ ర్రెలోహ్ నో ఆంద” అనవచ్చు. అర్జెంటీనా వైపు యంత్రాలన్నిటికీ ఈ మాట ధారాళంగా వాడతారు.

‘ఆడు’: సినిమా ఆడుతోంది, మిల్లు ఆడుతోంది అని మనం అంటాం. స్పానిష్‌లో ‘హుగార్’ అంటే ఆటలాడడమే. సినిమాకు “ఎస్తా ఎన్ కర్తెలేర”, మిల్లుకు ‘ఫున్సియోన’. సినిమా మూడు గంటల నిడివి అని చెప్పాలంటే “దూర త్రేస్ ఓరస్”.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*కొర్రేర్ చివర ‘సె’ తగిలించడం.* రంగు పాకడానికి కొందరు ఆ రూపం వాడతారు, నిఘంటువులోనూ ఉంటుంది. కానీ స్పెయిన్‌లో దానికి నలుగురిలో అనకూడని అర్థం ఉంది. సవరణ: మీరు అసలు వాడకపోవడమే మేలు. దెస్తెఞీర్ ఉంది కదా.

*మనిషిని కర్మగా పెట్టడం.* మెక్సికోలో ఒకరిని ‘కొర్రేర్’ చేశారంటే ఉద్యోగంలోంచి తీసేశారని. ఆటల మైదానంలో కుర్రవాళ్లను పరుగెత్తించానని చెప్పబోతే అందరినీ పంపేసినట్టు అవుతుంది.

*‘కారుతుంది’, ‘కారుతోంది’ తేడా కోసం తంటాలు పడటం.* స్పానిష్ మామూలు వర్తమానం రెంటికీ సరిపోతుంది. ‘గొతేఅ’ చాలు.

*కొర్రేర్‌ను పూర్తిగా వదిలేయడం.* ఇన్ని హెచ్చరికలు విన్నాక కొందరు దాన్ని ముట్టుకోవడానికే భయపడతారు. అక్కర్లేదు. ప్రమాదం కొని తెచ్చుకోవడానికి “కొర్రేర్ ఉన్ ర్రియేస్గొ” అనే అంటారు. “కోర్రె ఎల్ ర్రుమోర్” అంటే పుకారు పరుగెడుతోంది. మన పుకార్లు షికారు చేస్తాయి, వాళ్లవి కాస్త తొందరపడతాయి.

*‘కర్రేర’కు ఒకే అర్థం అనుకోవడం.* పరుగు పందెం, క్రికెట్లో పరుగు, కాలేజీలో చదివే డిగ్రీ, అన్నీ కర్రేరలే. “నీ కర్రేర ఏమిటి?” అని ఎవరైనా అడిగితే స్కోరు చెప్పకండి.

9. చివరి మెట్టు: వెనక్కి నడిచి సరిచూసుకోవడం

- మీరు ఎంచుకున్న స్పానిష్ క్రియను అకదేమియ నిఘంటువులో తెరవండి.
- అర్థాలకు వరుస సంఖ్యలుంటాయి. మీకు కావలసిన అర్థం ఏ సంఖ్య కింద ఉందో చూడండి. మొదటిదే మీదని అనుకోకండి.
- పక్కన దేశం పేరు సంక్షిప్తంగా ఉంటే ఆ అర్థం అక్కడికే పరిమితమని గుర్తు.
- ఆ వాక్యాన్ని తిరిగి తెలుగులోకి తెచ్చుకోండి. మొదట అనుకున్న తెలుగు వాక్యమే వస్తే డైరీలో సిరాతో రాయండి. లేకపోతే పెన్సిలుతో.

నా డైరీలో ఇప్పటికీ పెన్సిలు రాతలు చాలా ఉన్నాయి.

10. అభ్యాసం

జవాబులను చేత్తో మూసి, ముందు మీరు రాసి చూడండి. వీటన్నిటికీ ఇంగ్లీషులో రన్ వాడవచ్చు. కొన్నింటికి దాన్ని విడిచి వేరే మాట కూడా చెల్లుతుంది.

1. ఈ రైలు ఆదివారాలు నడవదు.
2. అతను యాభై పరుగులు చేశాడు.
3. పాపకు జ్వరంగా ఉంది.
4. గేదె తప్పించుకుపోయింది.
5. నా ఫోనులో ఛార్జింగ్ అయిపోయింది.
6. మామయ్య పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ నడుపుతున్నాడు.
7. ఎండాకాలంలో మా వాగు పారదు.

జవాబులు:

1. ఏస్తె త్రేన్ నో సిర్కూల లొస్ దొమీంగొస్.
2. అనొతో సింక్వేంత కర్రేరస్.
3. ల నీఞ తియేనె ఫియేబ్రె. ఇక్కడా ‘కు’ పోయింది చూడండి.
4. ల బూఫల సె ఎస్కపో.
5. సె మె అకబో ల బతెరీఅ.
6. మి తీఒ యేబ ఊన ఫాబ్రిక దె అనకార్దొస్ ఎన్ పలాస. కొలంబియా వైపు వెళ్తే జీడిపప్పును ‘మరఞోన్’ అనాలి.
7. ఎన్ బెరానొ ఎల్ అర్రోయొ నో యేబ ఆగువ. అంటే వేసవిలో వాగు నీళ్లు మోయదు. దుకాణం నడిపిన ఆ ‘యెబార్’ ఇక్కడ నీళ్లు మోస్తోంది. ఈ క్రియకు కూడా ఒక పేజీ ఖాళీగా వదిలి పెట్టుకోండి.